చేసిన పనిని కాగితం మీద పెట్టండి



డిగ్రీ చివరి సెమిస్టర్ రాసి ఇంటికొచ్చినవాళ్ళు, పాలిటెక్నిక్ అయిపోయినవాళ్ళు, బీటెక్ పూర్తయి ఏడాది గడిచినా మొదటి ఉద్యోగం కుదరనివాళ్ళు, వాళ్ళను చూసి లోలోపల బెంగపడే అమ్మానాన్నలు... ఇవాళ్టి నా మాటలు మీతోనే. మొదటి ఉద్యోగానికి పంపే రెజ్యూమె గురించి మాట్లాడుకుందాం. ఎక్కడా పనిచేయలేదు, ఏ కంపెనీ గడపా తొక్కలేదు, మరి ఆ కాగితం మీద ఏం రాయాలి? మా విద్యార్థులు నన్ను అడిగే ప్రశ్న ఇదే. నేను డిగ్రీ కాలేజీలో కామర్స్ చెబుతాను. సాయంత్రం క్లాసులయ్యాక ఉద్యోగాల కాగితాలు పట్టుకుని నా బల్ల దగ్గరకొచ్చే పిల్లలతో చాలాకాలంగా కూర్చుంటున్నాను.

వాళ్ళు తెచ్చే కాగితాలన్నీ ఒక్కలాగే ఉంటాయి. కాలేజీకి ఎదురుగా ఉన్న జిరాక్స్ షాపులో ఒక ఫైలు ఉంటుంది. పేరు, ఊరు, మార్కులు మార్చి ప్రింటు తీసి ఇస్తారు. పైన కెరీర్ ఆబ్జెక్టివ్ అని ఒక పెద్ద ఇంగ్లీషు వాక్యం. పేరున్న సంస్థలో, సవాళ్ళున్న వాతావరణంలో పనిచేసి సంస్థ ఎదుగుదలకు తోడ్పడతానని దాని సారం. దాని కింద బలాలు: హార్డ్ వర్కింగ్, క్విక్ లెర్నర్, టీమ్ ప్లేయర్. తర్వాత హాబీలు: పాటలు వినడం, క్రికెట్ ఆడడం. ఆ తర్వాత తండ్రి పేరు, పుట్టినతేదీ, మతం, పెళ్ళయిందా లేదా. చివర, పైన రాసినదంతా నిజమని ఒక ప్రమాణం, కింద సంతకం. ఈ కాగితంలో దాన్ని తెచ్చిన పిల్లకు సంబంధించినవి పేరూ మార్కులే. మిగిలినదంతా పక్కవాడి కాగితంలోనూ ఉంటుంది. రోజుకు వందల కాగితాలు చూసే మనిషికి అందులో ఆగి చదవవలసిన వాక్యం ఒక్కటీ కనిపించదు.

ఒక అమ్మాయి సంగతి చెబుతాను. బీకాం కంప్యూటర్స్ చదివింది. పట్టణంలో ఒక ఆడిటర్ గారి ఆఫీసులో అకౌంట్స్ అసిస్టెంటు కావాలన్నారని తెలిసి, సరిగ్గా ఇలాంటి కాగితమే పట్టుకొచ్చింది. అనుభవం అన్నచోట ‘ఫ్రెషర్’ అని రాసుంది.

“సెలవుల్లో ఏం చేస్తుంటావమ్మా?” అని అడిగాను.

“ఏం లేదు మేడమ్. ఇంట్లోనే ఉంటాను.”

“ఇంట్లో ఉండి?”

“అమ్మకు సాయం చేస్తాను. మా అమ్మావాళ్ళ డ్వాక్రా సంఘం పుస్తకాలు రాస్తాను. ఇంటర్‌లో ఉన్నప్పటి నుంచీ నేనే రాస్తున్నాను. వాళ్ళకు రాయడం రాదు కదా మేడమ్.”

ఆ మాట చెప్పి, చెప్పకూడనిదేదో చెప్పినట్టు తల దించుకుంది.

డ్వాక్రా పుస్తకాలంటే ఏమిటో ఊళ్ళలో ఉన్న శ్రోతలకు నేను చెప్పనక్కర్లేదు. తెలియనివాళ్ళ కోసం చెబుతున్నాను. పది, పదకొండుమంది ఆడవాళ్ళు నెలనెలా కూర్చుంటారు. ఒక్కొక్కరు కట్టిన పొదుపు రాయాలి. సంఘం నుంచి అప్పు తీసుకున్నవాళ్ళు అసలెంత కట్టారు, వడ్డీ ఎంత కట్టారు, ఇంకా ఎంత మిగిలింది, అది వేరే రాయాలి. బ్యాంకు రుణం వాయిదా మరొక లెక్క. ఎవరికి అప్పు ఇవ్వాలని నిర్ణయించారో తీర్మానాల పుస్తకంలో రాసి, అందరి చేతా సంతకాలు, వేలిముద్రలు తీసుకోవాలి. చేతికొచ్చిన నగదు లెక్కతో సరిపోవాలి. లీడరుతో పాటు బ్యాంకుకు వెళ్ళి కట్టివచ్చాక పాసుపుస్తకంలో పడిన అంకె, మన పుస్తకంలో ఉన్న అంకె ఒకటేనా అని చూడాలి. యాభై రూపాయలు తేడా వచ్చినా పదకొండుమంది ముందు సమాధానం చెప్పాలి. ఆ యాభై ఎవరి ఇంటి డబ్బో అందరికీ తెలుసు.

కామర్స్ పాఠంలో మేము దీన్నే నగదు పుస్తకం, ఖాతా ఆవర్జా, బ్యాంకు నిల్వల సమన్వయం అంటూ మూడేళ్ళు చెబుతాం. ఆ అమ్మాయి నాలుగేళ్ళుగా నిజమైన డబ్బుతో అదే పని చేస్తోంది. చేస్తూ, కాగితం మీద ఏ అనుభవమూ లేదని రాసుకుంది.

ఇద్దరం కూర్చుని ఆ కాగితం మళ్ళీ రాశాం. ఇంగ్లీషులోనే, తేలిక మాటల్లో. ఆ వాక్యాల అర్థం ఇది: ‘పదకొండుమంది సభ్యులున్న మహిళా పొదుపు సంఘానికి నాలుగేళ్ళుగా లెక్కల పుస్తకాలు రాస్తున్నాను. పొదుపు, అప్పులు, వడ్డీ, బ్యాంకు వాయిదాల లెక్కలను ప్రతినెలా పాసుపుస్తకంతో సరిచూస్తాను. సమావేశాల తీర్మానాలు రాస్తాను. గత ఏడాది నుంచి ఇదే లెక్కను ఎక్సెల్‌లో కూడా పెడుతున్నాను.’ ఆఖరి మాట కూడా నిజమే. కాలేజీ ల్యాబులో నేర్చుకున్నది ఇంట్లో తమ్ముడి ల్యాప్‌టాప్‌లో చేసిచూసింది. అడిగేదాకా అదీ చెప్పలేదు. ఆడిటర్ గారి ఆఫీసులో ఆమెను అడిగినవన్నీ ఆ నాలుగు వాక్యాల గురించేనట. వడ్డీ ఎలా లెక్కకడతారు, ఎవరైనా రెండు నెలలు కట్టకపోతే పుస్తకంలో ఎలా చూపిస్తారు అని. కంఠతా పట్టిన జవాబులు కావవి. తడుముకోకుండా చెప్పింది.

మన పిల్లల్లో చాలామందికి చెప్పుకోదగ్గ అనుభవం ఉంది. చెప్పుకోవడానికి సిగ్గు. చేయని పనులను అరువు మాటల్లో రాసుకుంటారు, చేసిన పనిని దాచుకుంటారు. ఇంట్లో మొదటిసారి డిగ్రీ దాకా వచ్చినవాళ్ళలో ఈ సిగ్గు మరీ ఎక్కువ. పెళ్ళిళ్ళ సీజన్లో కేటరింగుకు వెళ్ళి వడ్డించినవాళ్ళు, తెల్లవారుజామునే లేచి పేపర్లు వేసినవాళ్ళు, మెడికల్ షాపులో కూర్చున్నవాళ్ళు, రాత్రిపూట తిండి పార్సిళ్ళు బండి మీద తీసుకెళ్ళి ఇచ్చినవాళ్ళు, వీధిలో చిన్నపిల్లలకు ట్యూషన్లు చెప్పినవాళ్ళు ప్రతి క్లాసులోనూ ఉంటారు. ఆ డబ్బుతోనే ఫీజులు కట్టుకున్నవాళ్ళున్నారు. తల్లిదండ్రులారా, ‘చదువుకున్నవాడివి, ఆ పని చేశానని ఎక్కడా చెప్పకు’ అని మీరు అంటారు. ప్రేమతోనే అంటారని నాకు తెలుసు. కానీ కొత్తవాణ్ణి పనిలో పెట్టుకునే యజమాని వైపు నుంచి ఒక్కసారి ఆలోచించండి. ఆయనకుండే భయాలు తెలిసినవే. ఈ కుర్రాడు వేళకు వస్తాడా, డబ్బు చేతికిస్తే లెక్క చెబుతాడా, మనుషులతో గొడవ పడకుండా మాట్లాడతాడా, నెల తిరక్కుండా మానేస్తాడా. రెండేళ్ళపాటు చలికాలంలోనూ వానాకాలంలోనూ పేపర్లు వేసిన కుర్రాడి కాగితంలో ఆ ఒక్క వాక్యం ఉంటే మొదటి భయం అక్కడే పోతుంది.

గుంటూరు మిర్చి యార్డులో వేసవి సెలవుల్లో పనిచేసిన ఒక అబ్బాయి ఉన్నాడు. ఆ యార్డు ఎంత పెద్దదో, సీజన్లో అక్కడ ఎంత హడావిడి ఉంటుందో చూసినవాళ్ళకు తెలుసు. ఒక కమీషన్ కొట్టులో కాటా దగ్గర నిలబడి టిక్కీల, అంటే మిర్చి బస్తాల, తూకం రాయడం అతని పని. ఏ రైతువి ఎన్ని టిక్కీలు, ఏ లాటు, ఎంత తూగింది, సాయంత్రం బిల్లు తయారయ్యేసరికి చీటీలన్నీ దానితో సరిపోయాయా లేదా. ‘మిర్చి యార్డులో పనిచేశాను’ అని ఒక్క ముక్కే రాస్తే చదివే మనిషికి ఏమీ తెలియదు. ‘రెండు వేసవులు కమీషన్ కొట్టులో తూకాల గుమస్తాకు సహాయకుణ్ణి. లాట్లవారీగా టిక్కీల లెక్క, తూకం చీటీలు రాయడం, సాయంత్రం బిల్లులతో సరిచూడడం నా పని’ అని రాస్తే, గోడౌన్లో సరుకు లెక్క చూసే ఉద్యోగానికి ఇతను పనికొస్తాడని ఎవరికైనా అర్థమవుతుంది. ఎంతకాలం, ఎంత పని, చేతిలో ఏం పెట్టారు, ఏ పనిముట్టుతో చేశారు, ఈ వివరాలే వాక్యానికి ప్రాణం.

ఇక్కడ ఒక హద్దు కూడా చెప్పాలి. వడ్డించినవాడు వడ్డించానని రాయాలి. ఈవెంట్ మేనేజర్ అని రాయకూడదు. వందమందికి వడ్డించే వరుసను తానే చూసుకుంటే ఆ మాట రాయవచ్చు, అదే గౌరవం. నాన్న కిరాణా కొట్లో కూర్చున్న అమ్మాయి, ‘బిల్లింగ్, అరువు ఖాతాలు, సరుకు తెప్పించడం చూశాను’ అని రాస్తే చాలు. బిజినెస్ కన్సల్టెంట్ అనక్కర్లేదు. పనికి పెద్ద పేరు తగిలించిన మరుక్షణం, ఇంటర్వ్యూలో ఆ పేరుకు తగిన ప్రశ్న వస్తుంది.

ఈ మాట అన్నాక, హైదరాబాదులో చాలామంది పిల్లల్ని పాడుచేస్తున్న ఒక విషయం చెప్పకుండా ఉండలేను. అమీర్‌పేట, కూకట్‌పల్లి వైపు గదులు తీసుకుని సాఫ్ట్‌వేర్ కోర్సులు నేర్చుకునేవాళ్ళకు ఎవరో ఒకరు చెబుతారు. ‘ఫ్రెషర్ అంటే ఎవరూ తీసుకోరు, మూడేళ్ళు పెట్టెయ్’ అని. పెట్టడం అంటే, పనిచేయని కంపెనీలో పనిచేసినట్టు డబ్బు కట్టి ఆఫర్ లెటరు, జీతం రసీదులు, అనుభవ పత్రం కొనుక్కోవడం. ఊళ్ళో పొలం తాకట్టు పెట్టి పంపిన డబ్బుతో ఈ కాగితాలు కొన్నవాళ్ళున్నారు. బాబూ, అమ్మా, ఆ దారి తొక్కకండి. పీఎఫ్ ఖాతాలకు 2014 నుంచి యూఏఎన్ అనే ఒకే నంబరు ఉంటోంది. మనిషి ఎన్ని కంపెనీలు మారినా ఆ నంబరు మారదు, ఎప్పుడు ఎక్కడ చేరారో ఎప్పుడు మానేశారో అందులో కనిపిస్తుంది. సాఫ్ట్‌వేర్ ఉద్యోగుల వివరాలు సరిచూడడానికి ఆ కంపెనీల సంఘం నాస్కామ్ 2006లోనే వేలిముద్రలతో సహా ఒక జాతీయ రిజిస్ట్రీ మొదలుపెట్టింది. చేరిన రెండు మూడు నెలలకు పాత ఉద్యోగం తనిఖీలో నిలబడక ఉద్యోగం పోతే, ఆ తర్వాత నిజంగా వచ్చే అవకాశానికి కూడా ఆ మచ్చ అడ్డుపడుతుంది. తనిఖీలో దొరకలేదనే అనుకుందాం. మూడేళ్ళ అనుభవం ఉన్నవాడికిచ్చే పని మొదటిరోజే చేతిలో పెడతారు. అడిగితే తెలిసిపోతుందని ఎవర్నీ అడగలేక, రాత్రుళ్ళు నిద్రలేక నలిగిపోయిన పిల్లల్ని నేను చూశాను. ఇరవై రెండేళ్ళ వయసులో ఎవరికైనా అనుభవం తక్కువే ఉంటుంది. అది తప్పు కాదు.

ఇక కాగితం ఎలా ఉండాలో త్వరగా చెబుతాను. ఒక్క పేజీ చాలు. పైన పేరు, పనిచేస్తున్న ఫోన్ నంబరు, ఈమెయిల్, ఊరు. ఆ ఈమెయిల్ మీ పేరుతో ఉండాలి, సినిమా హీరో పేరుతో కాదు. తర్వాత మీరెవరో చెప్పే రెండు వాక్యాలు. అవి కూడా ఆ ఉద్యోగానికి తగినట్టు రాయాలి. ఆడిటర్ ఆఫీసుకు పంపేదీ ఆసుపత్రి రిసెప్షన్‌కు పంపేదీ ఒక్కటే కాగితం కాకూడదు. తర్వాత చదువు, పైనుంచి కిందికి: డిగ్రీ ముందు, ఇంటర్ తర్వాత, పదోతరగతి చివర. ఆపైన చేసిన పనులు, ప్రాజెక్టులు, వచ్చిన విద్యలు. రంగులు, బొమ్మలు, పెట్టెలు, గీతలు వద్దు. పెద్ద కంపెనీల్లో మొదట కంప్యూటరే ఆ కాగితం చదువుతుంది. సాదా అక్షరాలైతే తప్పుల్లేకుండా చదువుతుంది. పీడీఎఫ్ చేసి, ఫైలుకు మీ పేరు పెట్టి పంపండి. ఆధార్ నంబరు, పాన్ నంబరు రెజ్యూమెలో ఎప్పుడూ రాయకండి. మతం, కులం, పెళ్ళి వివరాలు అక్కర్లేదు. ఉద్యోగం ఇస్తామని రిజిస్ట్రేషన్ ఫీజు అడిగే వాళ్ళకైతే ఈ కాగితమే పంపకండి.

ప్రాజెక్టుల సంగతి కొంచెం ఆగి చెప్పాలి. చివరి ఏడాది ప్రాజెక్టును డబ్బిచ్చి కొనుక్కోవడం మన దగ్గర మామూలైపోయింది. బైండు చేసిన పుస్తకం, పైన బంగారు అక్షరాలు, లోపల ఏముందో పేరు రాసుకున్నవాళ్ళకే తెలియదు. ‘ఇందులో నువ్వు చేసిన భాగం ఏమిటి’ అని అడిగితే మౌనం. దానికి బదులు మీరు స్వయంగా చేసిన చిన్న పని రాయండి. మీ ఊరి పాలకేంద్రంలో రోజువారీ పాలు, వెన్న శాతం లెక్క కట్టే ఎక్సెల్ షీటు తయారుచేశారా, అది ప్రాజెక్టే. పాలిటెక్నిక్ ఎలక్ట్రికల్ చదివి మీ పొలంలో, పక్క పొలాల్లో మోటారు స్టార్టర్లు మీరే బాగుచేస్తున్నారా, అదీ రాయాలి. ఏ రకం స్టార్టరు, ఏ లోపాలు సరిచేయగలరు అన్నది కూడా రాయాలి. ఆంధ్రప్రదేశ్‌లో 2020–21 నుంచి డిగ్రీలో చేరినవాళ్ళకు ఇంటర్న్‌షిప్పులు తప్పనిసరి చేశారు. మొదటి ఏడాది అయ్యాక కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు పేరుతో ఊళ్ళోకి వెళ్ళి ఇంటింటి సర్వే చేయాలి. చాలామంది దీన్ని మార్కుల కోసం రాసే రికార్డుగానే చూస్తారు, పక్కవాడి లాగ్‌బుక్కు చూసి నింపేస్తారు. నిజంగా తిరిగినవాళ్ళ చేతిలో మాత్రం మంచి సరుకుంది. ఎన్ని ఇళ్ళు తిరిగారు, ఏం అడిగారు, తాగునీటి గురించో ఆడపిల్లల చదువు గురించో ఏం తేలింది, ఆ వివరాలు పంచాయతీకి ఇచ్చారా? ముఖం తెలియని వాళ్ళ ఇంటి తలుపు తట్టి ప్రశ్నలడిగి జవాబు రాబట్టడం చాలా ఉద్యోగాల్లో మొదటిరోజు నేర్పే పని. అది మీకు ముందే వచ్చు.

ఎన్‌ఎస్‌ఎస్ కూడా అంతే. 1969లో, గాంధీజీ శతజయంతి ఏడాది, మొదలైన పథకం అది. రెండేళ్ళలో 240 గంటల సేవ చేయాలి, ఏడు రోజులు ఊళ్ళో శిబిరంలో ఉండాలి. మన పిల్లలు కాగితం మీద ‘ఎన్‌ఎస్‌ఎస్ వాలంటీర్’ అని రాసి ఊరుకుంటారు. ఆ ఏడు రోజులూ శిబిరంలో యాభైమందికి వంట ఏర్పాట్లు చూసింది మీరే కావచ్చు. రక్తదాన శిబిరంలో పేర్లు రాసుకున్నది, వైద్య శిబిరానికి డాక్టర్లను మాట్లాడింది మీరే కావచ్చు. అవి రాయండి. ఎన్‌సీసీలో సి సర్టిఫికెట్ ఉంటే, గ్రేడుతో సహా పైనే కనిపించేలా పెట్టండి. పోలీసు, సైన్యం ఉద్యోగాల్లోనే కాదు, సెక్యూరిటీ, హోటళ్ళు, విమానాశ్రయాల్లో పనిచేసేవాళ్ళను ఎంచేటప్పుడు కూడా దానికి విలువ ఉంది.

భాషల విషయంలో మన సరిహద్దు జిల్లాల పిల్లలు చేసే పొరపాటు చూస్తే నాకు మనసు చివుక్కుమంటుంది. భాషలు అన్నచోట అందరూ తెలుగు, ఇంగ్లీషు, హిందీ అని రాస్తారు. ఇచ్ఛాపురం పిల్లలకు ఒడియా వచ్చు. చిత్తూరు వైపు తమిళం వచ్చు. హిందూపురం, మడకశిర పిల్లలు కన్నడం ఇంట్లో మాటలాగే మాట్లాడతారు. ఆదిలాబాద్‌లో మరాఠీ వచ్చు. కర్నూల్లో, కడపలో, హైదరాబాద్ పాతబస్తీలో ఉర్దూ వచ్చు. ‘వచ్చీరాని హిందీ’ రాసుకుంటారు కానీ పుట్టుకతో వచ్చిన ఈ భాషలను రాయరు. ఫోన్లో ఖాతాదారులతో మాట్లాడే బ్యాంకు ఉద్యోగాలు, బీమా కంపెనీలు, బెంగళూరు, చెన్నై ఆసుపత్రుల్లో రోగులకు సాయపడే ఉద్యోగాలు ఇలాంటి మనిషి కోసమే చూస్తుంటాయి. సీతంపేట ఏజెన్సీలో సవర వచ్చిన అమ్మాయి, ఉట్నూరు వైపు గోండి వచ్చిన అబ్బాయి, భద్రాచలం దగ్గర కోయ మాట్లాడే పిల్లలు ఆ భాషను రెజ్యూమెలో పై వరుసలోనే పెట్టాలని నా పట్టుదల. ఆ ప్రాంతాల్లో ఆరోగ్యం మీద, చదువు మీద పనిచేసే సంస్థలకు ఆ ఒక్క అర్హత చాలా డిగ్రీలకంటే ముఖ్యం. తెలుగు చక్కగా రాయడం, తెలుగులో టైపు చేయడం వస్తే అదీ రాయండి. టైపు పరీక్ష లోయరో హయ్యరో పాసై ఉంటే ఆ సర్టిఫికెట్ చూపించండి.

కంప్యూటర్ గురించి రాసేటప్పుడు ‘ఎంఎస్ ఆఫీస్’ అని వదిలేయకండి. ఎక్సెల్‌లో ఏం చేయగలరు? మొత్తాలు కట్టడమేనా, వీ లుకప్, పివట్ టేబుల్ దాకా వచ్చా? ట్యాలీలో ఓచర్లు ఎక్కించారా, జీఎస్టీ బిల్లు తయారుచేశారా? వచ్చినంతే రాయండి, కానీ విడమరచి రాయండి.

మధ్యలో ఖాళీ ఏళ్ళున్నవాళ్ళు మన రెండు రాష్ట్రాల్లో వేలకు వేలు. డిగ్రీ అయ్యాక అశోక్‌నగర్‌లోనో దిల్‌సుఖ్‌నగర్‌లోనో గదిలో ఉండి గ్రూప్స్‌కు చదివినవాళ్ళు, అవనిగడ్డ వెళ్ళి డీఎస్సీకి కోచింగ్ తీసుకున్నవాళ్ళు, ఎస్సై పరీక్షకు పరుగు సాధన చేసినవాళ్ళు. నోటిఫికేషన్ ఆలస్యమైంది, వయసు పెరిగింది, ఇంట్లో డబ్బు అయిపోయింది. ఇప్పుడు ప్రైవేటు ఉద్యోగానికి రావాలి. ఈ ఏళ్ళను దాచిపెట్టాలని చూస్తారు, తేదీలు మార్చాలని చూస్తారు. దాచకండి. ‘2022 నుంచి 2024 వరకు గ్రూప్-2 పరీక్షకు పూర్తికాలం చదివాను’ అని ఒక్క వాక్యం సూటిగా రాయండి. ప్రిలిమ్స్ గట్టెక్కితే ఆ మాటా రాయండి. రోజూ లైబ్రరీలో పది గంటలు కూర్చుని చదవడం తక్కువ శ్రమ కాదు. చరిత్ర, ఆర్థికశాస్త్రం, లెక్కలు, వార్తలు అంత లోతుగా చదివిన మనిషి కోచింగ్ సెంటర్లకు, పాఠశాలలకు, పత్రికలకు, మెటీరియల్ తయారుచేసే సంస్థలకు పనికొస్తాడు. ఓడిపోయినవాళ్ళలా ఆ కాగితం ఇవ్వకండి. మార్కుల విషయంలోనూ ఇంతే. సప్లిమెంటరీలో పాసైన సబ్జెక్టు గురించి అడిగితే నిజం చెప్పండి. సీజీపీఏ ఎంతో అంతే రాయండి.

ఎంత వెతికినా రాసుకోవడానికి నిజంగా ఏమీ లేనివాళ్ళు కొందరుంటారు. హాస్టల్లో ఉంచి, చదువు తప్ప మరో పని ముట్టుకోనివ్వకుండా పెంచిన పిల్లలు. వాళ్ళ తప్పు కూడా కాదది. వాళ్ళు మరో ఆరు నెలలు అవే కాగితాలు పంపుతూ కూర్చోవద్దు. అప్రెంటిస్ చట్టం 1961 నుంచి ఉంది. 1973లో డిగ్రీ, డిప్లొమా ఇంజనీర్లను కూడా అందులో చేర్చారు. ఇప్పుడు మామూలు డిగ్రీ చదివినవాళ్ళు కూడా అప్రెంటిస్‌లుగా చేరవచ్చు. ఐటీఐ పిల్లలకు ఆర్టీసీ డిపోల్లో, డిగ్రీ, డిప్లొమా వాళ్ళకు ప్రభుత్వ, ప్రైవేటు కంపెనీల్లో అవకాశాలు వస్తుంటాయి. నాట్స్ అనే కేంద్ర ప్రభుత్వ పోర్టల్లో పేరు నమోదు చేసుకోవచ్చు, దానికి రుసుము లేదు. నెలనెలా స్టైపెండ్ వస్తుంది, పూర్తయ్యాక చెల్లుబాటయ్యే సర్టిఫికెట్ వస్తుంది. అదీ దొరకకపోతే మీ ఊళ్ళోనే ఆడిటర్ గారి దగ్గర, మెడికల్ ఏజెన్సీలో, ప్రింటింగ్ ప్రెస్సులో మూడు నెలలు పని నేర్చుకుంటానని అడగండి. జీతం తక్కువైనా ఫరవాలేదు. లెక్కల పుస్తకం ముట్టుకోనిచ్చే చోటు, ఖాతాదారుతో మాట్లాడనిచ్చే చోటు ఎంచుకోండి.

చివరిగా నేను ఇంకొకరిని వేడుకోవాలి. రేడియో పెట్టుకుని కొట్లో కూర్చున్న పెద్దలు, కమీషన్ వ్యాపారులు, ఆడిటర్లు, కేటరింగ్ కాంట్రాక్టర్లు, మెడికల్ షాపులవాళ్ళు, ట్యూషన్ సెంటర్లు నడిపేవాళ్ళు, సంఘం లీడర్లు, మీ అందరికీ నమస్కరించి అడుగుతున్నాను. మీ దగ్గర సెలవుల్లో, సాయంత్రాల్లో పనిచేసిన పిల్లలకు జీతం ఇచ్చారు, పండక్కి బట్టలు పెట్టినవాళ్ళూ ఉన్నారు. దానితో పాటు నాలుగు వాక్యాల ఉత్తరం కూడా ఇవ్వండి. ఎప్పటి నుంచి ఎప్పటి దాకా పనిచేశాడు, ఏ పని చేశాడు, డబ్బో సరుకో అప్పగించి ఉంటే ఆ మాట, కింద మీ పేరు, ఫోన్ నంబరు, సంతకం, ఉంటే కొట్టు ముద్ర. ఇంగ్లీషు రాకపోతే తెలుగులోనే రాయండి. రేపు ఏ కంపెనీ నుంచో ఫోన్ చేసి ‘ఈ అబ్బాయి మీ దగ్గర చేశాడా’ అని అడిగితే, పని ఆపి ఒక్క నిమిషం మాట్లాడండి. పిల్లలూ, మీరూ మొహమాటపడకండి. వాళ్ళంతట వాళ్ళు రాసివ్వాలని ఎదురుచూడవద్దు. ఒక తెల్లకాగితం తీసుకుని ఈ వారంలోనే వెళ్ళి అడగండి. వాళ్ళ ఫోన్ నంబరు రెజ్యూమెలో పెట్టే ముందు అనుమతి తీసుకోండి, ఏ ఉద్యోగానికి పంపుతున్నారో కూడా చెప్పండి.